బండి ఎక్కడ తగులుతోంది?

పికప్ కొన్నవాళ్లలో చాలామందికి ఏడాది తిరగకముందే దాన్ని ఇంకాస్త పైకి లేపాలన్న కోరిక పుడుతుంది. కోరికలో తప్పులేదు. ఘాట్ రోడ్డు దిగి మట్టిబాట పట్టే బండికి, కాలవ గట్టు ఎక్కి దిగి తోటకి చేరాల్సిన బండికి అడుగున జాగా కావాలి. తప్పు మొదలయ్యేది అడిగే ప్రశ్న దగ్గర. వర్క్‌షాపుకి వెళ్లగానే "రెండంగుళాలకి ఎంత, నాలుగంగుళాలకి ఎంత?" అని అడుగుతారు. ముందు తేల్చుకోవాల్సింది బండి అడుగున ఏ భాగం, ఎలాంటి చోట తగులుతోందన్నది. ఆ జవాబు తెలిస్తే ఎంత లేపాలో, అసలు లేపాలో వద్దో దానంతటదే తేలుతుంది. నా వాదన ఇది: నాలుగు సిలిండర్ల పికప్‌కి లిఫ్ట్ మంచి పనే, కాకపోతే అది 40 నుంచి 50 మిల్లీమీటర్ల దగ్గర ఆగాలి, స్ప్రింగు బండి మోసే బరువుకి తగినదై ఉండాలి, టైరు కంపెనీ ఇచ్చిన కొలతకి దగ్గరగా ఉండాలి. ఆపైన పెంచే ప్రతి అంగుళానికీ ఇంజన్, జాయింట్లు, బ్రేకులు తలా కొంత నష్టపోతాయి. అవి ఎంత నష్టపోతాయో లెక్కగట్టకుండా కిట్టు కొనడం వల్లే మంచి బండ్లు పాడవుతున్నాయి.

మాట గాల్లో తేలిపోకుండా ఒక బండిని ఎదురుగా పెట్టుకుందాం. తడ పక్కన శ్రీసిటీలో 2016లో తెరిచిన ఫ్యాక్టరీ నుంచి వస్తున్న ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్ ఇందుకు సరిగ్గా పనికొస్తుంది. 1.9 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో డీజిల్ ఇంజన్, 163 హార్స్‌పవర్, 360 న్యూటన్ మీటర్ల టార్క్. ముందు చక్రాలు రెండూ విడివిడిగా పైకీ కిందికీ ఆడతాయి. ఒక్కోదానికి పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్, మధ్యలో కాయిల్ స్ప్రింగు. వెనక మాత్రం లారీ పద్ధతే: ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఒకే యాక్సిల్ హౌసింగ్, దానికి కమాన్ కట్టలు. రెండు ఇరుసుల మధ్య దూరం 3,095 మిల్లీమీటర్లు. కంపెనీ చెప్పే గ్రౌండ్ క్లియరెన్స్ 225 మిల్లీమీటర్లు. టైరు 255/60 ఆర్18. టయోటా హైలక్స్ ఇంజన్ పెద్దది, 2.8 లీటర్లు, అదీ నాలుగు సిలిండర్లే, అడుగు అమరికా ఇదే. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా దానికీ వర్తిస్తుంది.

ఇప్పుడు ఆ బండి వెనక్కి వెళ్లి, వంగి, అడుగున చూడండి. నేలకి అన్నిటికంటే దగ్గరగా కనిపించేది యాక్సిల్ మధ్యలో గుండ్రంగా ఉబ్బి ఉండే డిఫరెన్షియల్ హౌసింగ్. బండి బరువు కమాన్ల మీద ఉంటుంది, కమాన్లు యాక్సిల్ మీద, యాక్సిల్ చక్రాల మీద. లిఫ్ట్ కిట్టు వెయ్యడమంటే యాక్సిల్‌కీ ఛాసిస్‌కీ మధ్య దూరం పెంచడం. అంటే యాక్సిల్‌కి పైనున్నదంతా లేస్తుంది, యాక్సిల్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. నాలుగంగుళాలు లేపినా ఆరంగుళాలు లేపినా ఆ హౌసింగ్ కింద జాగా ఒక్క మిల్లీమీటరు పెరగదు. దాన్ని లేపగలిగేది టైరు ఒక్కటే, అదీ వ్యాసంలో పెరిగినదాంట్లో సగమే. లిఫ్ట్ వేయించిన బండి దూరం నుంచి చూస్తే ఎంతో లేచినట్టుంటుంది. బండ్ల బాట మధ్యలో పొడుచుకొచ్చిన రాయికి తగలాల్సిన ఇనుము మాత్రం పాత ఎత్తులోనే ఉంటుంది. లారీలు తిరిగి లోతుగా గాడులు పడిన దారిలో మీ బండి నడుమ గట్టు హౌసింగ్‌కి రాసుకుంటోందా? అయితే సస్పెన్షన్ లిఫ్ట్ మీ జబ్బుకి మందు కాదు. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే సగం కిట్లు కొనకుండానే ఆగిపోతాయని నా నమ్మకం.

మరి లిఫ్ట్ వల్ల నిజంగా పెరిగేదేమిటి? మూడు కోణాలు. ముందు బంపర్ ఎంత నిట్టనిలువు గట్టుకి తగలకుండా ఎక్కగలదన్నది మొదటిది. దిగేటప్పుడు వెనక బంపర్‌కి, టో హుక్‌కి ఎంత జాగా ఉందన్నది రెండోది. గట్టు ఎక్కి అవతలికి దిగేటప్పుడు బండి నడుము ఆనకుండా దాటగలదా అన్నది మూడోది. పికప్‌కి ఈ మూడోదే ప్రాణం, ఎందుకంటే దాని నడుము పొడుగు. 3,095 మిల్లీమీటర్ల వీల్‌బేస్, మధ్యలో 225 మిల్లీమీటర్ల ఎత్తు తీసుకుని లెక్కేస్తే ఆ కోణం 17 డిగ్రీల చుట్టుపక్కల వస్తుంది. ఛాసిస్‌ని 50 మిల్లీమీటర్లు లేపితే సుమారు మూడున్నర డిగ్రీలు పెరుగుతుంది. వినడానికి చిన్న సంఖ్యే. కాలవ గట్టు దాటేటప్పుడు సైడ్ స్టెప్పులూ నడుము కింది క్రాస్ మెంబరూ ఆనుతున్నాయా లేదా అన్నది తేల్చేది ఆ మూడున్నర డిగ్రీలే. కాబట్టి మీ బండి తగిలేది నడుముకో, ముందు బంపర్‌కో అయితే లిఫ్ట్ పనిచేస్తుంది. నల్లరేగడి బురదలో చక్రాలు ఉట్టినే తిరుగుతున్నాయనో, గోదావరి ఇసకలో దిగబడుతోందనో అయితే పనిచెయ్యదు. బురదకి టైరు అచ్చులు మారాలి, ఇసకలో గాలి తగ్గించాలి. గాలి తగ్గించడానికి రూపాయి ఖర్చు లేదు.

ఇక నాలుగు సిలిండర్ల సంగతి. "చిన్న ఇంజన్ లిఫ్టుని లాగలేదు" అన్న మాట తరచూ వినిపిస్తుంది. ఈ భయం పుట్టింది బహుశా అమెరికాలో. అక్కడ 1980ల్లో టయోటా పికప్‌లకి వచ్చిన 2.4 లీటర్ల పెట్రోలు ఇంజన్ బలం సుమారు 115 హార్స్‌పవర్. తర్వాత వచ్చిన టకోమాలో 2.7 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్‌కి 159 హార్స్‌పవర్, 244 న్యూటన్ మీటర్లు. పక్కనే ఆరు సిలిండర్ల బండి దొరుకుతుంటే ఇది నీరసంగా అనిపించడం సహజం. కానీ సిలిండర్ల లెక్క ఇప్పుడు బలానికి కొలత కాదు. 2024 నుంచి అమెరికాలో అమ్మే టకోమాలన్నీ నాలుగు సిలిండర్ల టర్బోలే, వాటిలో ఎక్కువ రకాలు 278 హార్స్‌పవర్ ఇస్తున్నాయి. మన హైలక్స్ ఆటోమేటిక్ ఇచ్చేది 500 న్యూటన్ మీటర్లు. అసలు విషయం వేరే ఉంది. స్ప్రింగు మార్చి ఛాసిస్‌ని రెండంగుళాలు లేపినంత మాత్రాన ఇంజన్ మీద పడే భారం దాదాపు ఏమీ లేదు, వేగంలో గాలి అడ్డుతగలడం కాస్త పెరుగుతుంది, అంతే. భారమంతా లిఫ్ట్ వేశాక ఖాళీ దొరికింది కదా అని ఎక్కించే పెద్ద టైర్లది.

ఆ భారం ఎంతో లెక్కతో చూద్దాం. 255/60 ఆర్18 టైరు వ్యాసం 763 మిల్లీమీటర్లు. చాలామంది మోజుపడే 285/70 ఆర్17 వ్యాసం 831. అంటే దాదాపు 9 శాతం పెద్దది. చక్రం పెద్దదైతే అదే టార్కుకి నేలమీద పడే తోపు అంతే పాళ్లలో తగ్గుతుంది, సైకిల్ మీద పెద్ద గేరు పెట్టి ఎత్తు తొక్కినట్టు. 360 న్యూటన్ మీటర్ల ఇంజన్ ఉన్న బండి 331 న్యూటన్ మీటర్ల ఇంజన్ ఉన్నట్టు నడుస్తుంది. దీనికి తోడు టైరు బరువు వేరు. ఇంకో నష్టం పైకి కనపడదు. వి-క్రాస్ ఇంజన్ పూర్తి టార్కు ఇవ్వడం మొదలయ్యేది నిమిషానికి 2,000 చుట్లు దాటాక. ఇంతకుముందు 2,000 చుట్ల మీద సాగే వేగంలో పెద్ద టైరు ఎక్కిస్తే ఇంజన్ 1,837 చుట్లకి పడిపోతుంది, అంటే టర్బో పూర్తిగా ఊపందుకోని చోటికి. మారేడుమిల్లి ఘాట్‌లో లోడుతో ఎక్కేటప్పుడు మూడో గేరులో పోవాల్సిన మలుపుకి రెండో గేరు వెయ్యాల్సి వస్తుంది. క్లచ్‌తో, ఆటోమేటిక్ అయితే గేర్‌బాక్సు నూనె వేడితో ఆ లోటు పూడుతుంది. స్పీడోమీటరూ అబద్ధం చెబుతుంది: అది 80 చూపిస్తుంటే బండి 87లో పోతుంటుంది. దానికంటే ముఖ్యమైనది బ్రేకు. డిస్కు పాతదే, చక్రం వ్యాసం పెరిగింది, కాబట్టి పెడల్ అంతే నొక్కితే బండిని ఆపే బలం దాదాపు 8 శాతం తగ్గుతుంది. ఇంతా చేసి ఆ టైరు వెనక హౌసింగ్‌కి సంపాదించి పెట్టేది 34 మిల్లీమీటర్లు.

అలాగని టైరు ముట్టుకోకూడదని కాదు. 265/60 ఆర్18 వ్యాసం 775 మిల్లీమీటర్లు, ఒకటిన్నర శాతం మాత్రమే ఎక్కువ. ఇంజన్‌కి తెలియనే తెలియదు. 265/70 ఆర్17 వేస్తే 5 శాతం పెరుగుతుంది, హౌసింగ్ కింద 20 మిల్లీమీటర్లు వస్తాయి, రాళ్లకి తట్టుకునే మందమైన పక్కగోడా దొరుకుతుంది. నాలుగు సిలిండర్ల బండికి నా దృష్టిలో అదే పొలిమేర. అది కూడా చట్టం మాట చూసుకున్నాకే. ఆ మాట ముందు వస్తుంది.

ఐస్‌లాండ్‌లో ఆర్కటిక్ ట్రక్స్ సంస్థ నాలుగు సిలిండర్ల డీజిల్ హైలక్స్‌కి 38 అంగుళాల టైర్లు వేసి మంచుమీద నడిపిస్తోంది కదా, మనకెందుకు కుదరదని అడిగేవారుంటారు. అడగాల్సిన ప్రశ్నే. వాళ్లు ఎత్తుని కిట్టుతో కొనరు. టైరుకి చోటు చాలావరకు ఫెండర్లు కోసి సంపాదిస్తారు. పెద్ద చక్రానికి తగ్గట్టు ముందూ వెనకా డిఫరెన్షియల్ గేర్లు మారుస్తారు. లెక్క సులువే: గేరు నిష్పత్తి 4.10 ఉన్న బండికి 9 శాతం పెద్ద టైరు వేస్తే, ఇంజన్ మునుపటిలా ఊపిరి పీల్చుకోవాలంటే నిష్పత్తి 4.47 దగ్గరికి రావాలి. ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో ముందు, వెనక క్రౌన్-పినియన్‌లు రెండూ ఒకే నిష్పత్తివి పడాలి, లేకపోతే గేర్ల పెట్టె నలిగిపోతుంది. పినియన్ లోతు, పళ్ల మధ్య సందు సరిచూసి బిగించడం చెయ్యితిరిగిన మిస్త్రీ చేసే పని. అదంతా చేసే స్తోమత, చేసే మనిషి, దొరికే సామాను ఉన్నవాళ్లకి 38 అంగుళాలైనా తప్పులేదు. వాళ్ల పనిలో మొదటి మెట్టుని మాత్రమే కాపీ కొట్టి మిగతావి వదిలేసినప్పుడే సమస్య. లో రేంజ్ గేరు ఉంది కదా అంటారా, అది రాళ్లమీద పాకడానికి. విజయవాడ హైవే మీద దాన్ని వాడలేరు.

ముందు చక్రాల దగ్గర ఎత్తు ఎలా వస్తుందో తెలుసుకుంటే ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. స్ప్రింగు కూర్చునేది కింది ఆర్మ్ మధ్యభాగంలో, చక్రం ఉండేది చివర. అందుకే స్ప్రింగు దగ్గర 25 మిల్లీమీటర్లు పెంచితే చక్రం దగ్గర సుమారు రెట్టింపు, 50 మిల్లీమీటర్ల లిఫ్ట్ వస్తుంది. 50 మిల్లీమీటర్ల స్పేసరు తెచ్చి "రెండంగుళాలే కదా" అనుకుని వేసేవాళ్లు తెలియకుండానే నాలుగంగుళాలు లేపేస్తున్నారన్నమాట. స్ట్రట్ నెత్తిన కూర్చునే ఈ స్పేసరు చౌక, గంటల్లో పని అయిపోతుంది. కానీ అది స్ట్రట్ మొత్తాన్ని కిందికి నెట్టి కూర్చోబెడుతుంది. చక్రం గుంతలోకి దిగినప్పుడు ఆర్మ్ కంపెనీ గీసిన హద్దు దాటి జారుతుంది. అక్కడ బాల్ జాయింటూ, ముందు చక్రాన్ని తిప్పే షాఫ్ట్‌లోని సీవీ జాయింటూ వాటికి చేతకాని కోణంలోకి వంగుతాయి. చక్రం పైకి కొట్టుకున్నప్పుడు బంప్ స్టాప్ రబ్బరు ఆ దెబ్బని అందుకోకముందే షాక్ అబ్జార్బర్ లోపల కొట్టుకుంటుంది. సీవీ జాయింట్ కోణం పెరిగేకొద్దీ లోపల వేడి పెరుగుతుంది, రబ్బరు బూటు మడతలు ఒకదానికొకటి రాసుకుని చిరుగుతాయి, చిరుగులోంచి గ్రీజు పోయి దుమ్ము దూరుతుంది. చక్రాలు పూర్తిగా తిప్పి ఎత్తెక్కేటప్పుడు టకటక వినిపిస్తే ఆ జాయింట్ పని అయిపోయినట్టే. 50 మిల్లీమీటర్ల లోపు ఈ బాధ చాలావరకు ఉండదు, జాయింట్లకి ఆ మాత్రం ఓపిక ఉంటుంది. అది దాటితే డిఫరెన్షియల్‌ని కిందికి దింపే బ్రాకెట్లు, పొడుగాటి పై ఆర్మ్‌లు, కొత్త బ్రేక్ హోస్‌లు అంటూ ఒకదాని వెనక ఒకటి కొంటూనే పోవాలి.

స్టీరింగ్ సంగతీ ఇక్కడే. ముందు భాగం లేస్తే చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం, కాస్టర్, తగ్గుతుంది. మలుపు తిరిగాక స్టీరింగ్‌ని దానంతటదే సూటిగా తెచ్చేది ఆ వాలే. అది తగ్గితే హైవే మీద బండి ఎటో అటు లాగుతుంటుంది, డ్రైవరు క్షణక్షణం సరిదిద్దుకోవాలి. మామూలు అలైన్‌మెంట్ షాపులో చక్రాలు సూటిగా ఉన్నాయో లేదో చూసి పంపేస్తారు. అది చాలదు. కాస్టర్, చక్రం లోపలికో బయటికో వాలే క్యాంబర్ కూడా చూసి, ముందటి కొలతా తర్వాతి కొలతా కాగితం మీద ఇమ్మని అడగండి. కాస్టర్ కంపెనీ హద్దులోకి రాకపోతే దాన్ని సరిచేసేలా తయారైన పై ఆర్మ్‌లు వెయ్యాలి, లేదా ఎత్తు తగ్గించుకోవాలి.

వెనక భాగాన్ని లేపే దారులు ఎక్కువ, అందుకే మోసపోయే చోట్లూ ఎక్కువే. కమాన్ కట్ట యాక్సిల్‌కి పైన ఉండే బండిలో రెంటి మధ్య ఇనపదిమ్మ పెట్టి, పొడుగు యు-బోల్టులు వేసి లేపడం అన్నిటికంటే చౌక. దిమ్మ ఎంత ఎత్తుదైతే యాక్సిల్‌కి కమాన్ని మెలితిప్పే బలం అంత ఎక్కువ దొరుకుతుంది. లోడుతో ఎత్తెక్కుతూ క్లచ్ వదిలినప్పుడు వెనక యాక్సిల్ గునిసి ఎగిరినట్టవుతుంది. తక్కువ ఎత్తు దిమ్మ ఒకటే అయితే సర్దుకోవచ్చు. దిమ్మ మీద దిమ్మ మాత్రం పెట్టనివ్వకండి. కమాన్ కొసని ఛాసిస్‌కి కలిపే షాకిల్ పొడుగుది వేస్తే పెరిగిన పొడుగులో సగమే ఎత్తు వస్తుంది, పైగా యాక్సిల్ పినియన్ ముక్కు కోణం తిరుగుతుంది. ఉన్న కట్టలో అదనపు పట్టీ చేర్చడం మన లారీ కమాన్ మిస్త్రీలు ఏళ్లుగా చేస్తున్నదే, లోడు మోసే బండికి అది బాగానే ఉంటుంది, ఖాళీ బండిలో నడుము విరుస్తుంది. బండి ఎత్తుకి, బరువుకి లెక్కకట్టి తయారుచేసిన పూర్తి కమాన్ కట్టే మేలైన దారి. ఏ దారిలో వెళ్లినా గేర్‌బాక్సు నుంచి వెనక యాక్సిల్‌కి బలం చేర్చే జాయింట్ షాఫ్ట్ కోణం కొలవాలి. క్రాస్ జాయింట్ వంగి తిరిగేటప్పుడు చుట్టుకి రెండుసార్లు వేగం హెచ్చుతగ్గులవుతుంది. షాఫ్ట్ రెండు చివరలా కోణాలు సమానంగా ఉంటే ఒకదాని హెచ్చుతగ్గు ఇంకోదానితో చెల్లిపోతుంది. లేకపోతే ఆ వణుకు సీటు కిందికి వస్తుంది. రెండు ముక్కల షాఫ్ట్ ఉన్న బండ్లలో కదిలేటప్పుడు మధ్య బేరింగ్ దగ్గర గుడగుడ వస్తే దానికి కారణం చాలాసార్లు ఇదే. యాక్సిల్‌కీ కమాన్‌కీ మధ్య వాలు బిళ్ల పెట్టి పినియన్ కోణాన్ని సరిచెయ్యవచ్చు.

స్ప్రింగు ఎంచుకోవడంలో నాలుగు సిలిండర్లకి ప్రత్యేకమైన మాట ఒకటుంది. చిన్న ఇంజన్ తేలికది. ఆరు సిలిండర్ల బండి కోసమో, ముందు ఇనప బంపర్, వించ్ ఉన్న బండి కోసమో చేసిన స్ప్రింగుని తెచ్చి వేస్తే మీ బండి ముక్కు అనుకున్నదానికంటే ఎక్కువ లేస్తుంది, రోడ్డు మీద రాయిలా కొడుతుంది, చక్రం గుంతలోకి దిగడానికి జాగా ఉండదు. ఓల్డ్ మ్యాన్ ఈము, ఐరన్‌మ్యాన్ లాంటి ఆస్ట్రేలియా బ్రాండ్లు ఒకే బండికి బరువుని బట్టి రకరకాల స్ప్రింగులు అమ్మేది అందుకే. లిఫ్ట్ వేస్తే ప్రయాణం మెత్తబడుతుందనే నమ్మకం కొందరికి ఉంది. మెత్తబడినట్టు అనిపించేది చాలాసార్లు కొత్త షాక్ అబ్జార్బర్ల వల్ల, ఎత్తు వల్ల కాదు. కొనేముందు బండిని మామూలుగా తిరిగే సరుకుతో, మనుషులతో వేబ్రిడ్జి ఎక్కించండి. ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా తూయించుకోండి. ఆ రెండు సంఖ్యలు చూపించి స్ప్రింగు అడగండి. ఆ సంఖ్యలు అడక్కుండా కిట్టు అమ్మే దుకాణంలో కొనకపోవడమే మంచిది. ఐదారేళ్లు లోడు మోసిన బండి అయితే కమాన్లు కూర్చుండిపోయి ఉండొచ్చు. అప్పుడు కంపెనీ ఎత్తుకి తెచ్చే కొత్త కట్టతోనే మీకు కావాల్సిన జాగా చాలావరకు తిరిగొస్తుంది.

బోల్తా ప్రమాదాన్ని కొట్టిపారేసేవాళ్లని చూస్తే నాకు భయం వేస్తుంది. అమెరికా రహదారి భద్రతా సంస్థ బండ్లు బోల్తాపడే గుణాన్ని అంచనా కట్టడానికి ఒక నిష్పత్తి వాడుతుంది: రెండు చక్రాల మధ్య అడ్డం దూరాన్ని, బరువు కేంద్రం ఎత్తుకి రెట్టింపుతో భాగించడం. చక్రాల దూరం 1,550, కేంద్రం ఎత్తు 700 మిల్లీమీటర్లు అనుకుంటే అది 1.11. కేంద్రం 50 మిల్లీమీటర్లు లేస్తే 1.03. వంద లేస్తే 0.97. ఒకటికి దిగువన అంటే బోల్తాకి గట్టి తావు ఇచ్చినట్టే. మొదటి 50 వల్ల వచ్చే నష్టం జాగ్రత్తగా నడిపే మనిషి భరించగలిగేది, రెండో 50 అలా కాదు. పికప్‌లో మనం తొట్టి నిండా ఎరువు బస్తాలో, సెంట్రింగ్ సామానో ఎత్తుగా పేరుస్తాం కాబట్టి ఈ లెక్క మనకి ఇంకా కఠినం. వెనక బ్రేకు బలాన్ని లోడుని బట్టి పంచే వాల్వు ఉన్న పాత బండ్లలో ఇంకో చిక్కు ఉంది: వెనక భాగం లేస్తే బండి ఖాళీగా ఉందని ఆ వాల్వు పొరబడి వెనక బ్రేకు తగ్గించేస్తుంది. దాని కడ్డీని కొత్త ఎత్తుకి సర్దాలి. హెడ్‌లైట్లు కిందికి దించడం పది నిమిషాల పని. అది మరిచిపోతే ఎదురొచ్చేవాళ్ల కళ్లు బైర్లు కమ్ముతాయి.

చట్టం విషయంలో నేను మెత్తగా చెప్పలేను. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ వివరాలకీ, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణ, అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అంటోంది. రెండంగుళాల దాకా ఫర్వాలేదని ఆ చట్టం ఎక్కడా అనలేదు. ఆస్ట్రేలియాలో చాలా రాష్ట్రాలు 50 మిల్లీమీటర్ల దగ్గర మొదటి గీత గీసి, అది దాటితే ఇంజనీరు ధ్రువపత్రం అడుగుతాయి. ఆ గీత ఇంజనీరింగు తెలివితో గీసిందే, నేను చెబుతున్న హద్దుకి అదీ ఒక ఆధారమే, కానీ మన చెక్‌పోస్టు దగ్గర అది చెల్లదు. "అందరూ వేయించుకుంటున్నారు, ఎవరూ పట్టుకోవడం లేదు" అన్న వాదన ప్రమాదం జరిగే రోజు దాకే నిలుస్తుంది. ఆ రోజు బీమా కంపెనీ సర్వేయరు మొదట చూసేది బండి అడుగునే. అందుకని పని మొదలుపెట్టకముందే ఏ భాగం మారుస్తున్నారో రాసి రవాణా శాఖ కార్యాలయంలో లిఖితపూర్వకంగా అడగండి, బీమా కంపెనీకీ రాయండి. కాదని జవాబొస్తే దారి మూసుకుపోయినట్టు కాదు. కూర్చున్న స్ప్రింగులకి బదులు కంపెనీ ఎత్తువి, మంచి షాక్ అబ్జార్బర్లు, కంపెనీ కొలతలోనే గట్టి టైర్లు, ఇంజన్‌కీ గేర్‌బాక్సుకీ కింద ఉక్కు రేకు: తగలకుండా చెయ్యలేని చోట తగిలినా చెడకుండా చెయ్యవచ్చు. చాలామంది తోట దారులకి ఇంతకుమించి అక్కర్లేదు.

అనుమతి దొరికి పని చేయిస్తున్నారనుకుందాం. ఎక్కువమంది మెకానిక్కులు తొందరలో వదిలేసే పనులు కొన్ని ఉన్నాయి, వాటి దగ్గర మీరు నిలబడి చూడండి. బండిని జాకీ మీదో, పేర్చిన రాళ్ల మీదో వదిలి కిందికి దూరకూడదు. ఛాసిస్ కింద నాలుగు స్టాండ్లు పడాలి. నొక్కిపెట్టిన కాయిల్ స్ప్రింగు జారితే ప్రాణం తీస్తుంది, అది సరైన కంప్రెసరుతో, తెలిసిన చేతులతో విప్పాల్సిందే. ఆర్మ్ బుష్ బోల్టులు చక్రం గాల్లో వేలాడుతుండగా బిగించేస్తే రబ్బరు ఆ భంగిమలోనే పట్టుకుంటుంది. బండి కిందికి దిగాక అది ఎప్పుడూ మెలిపడే ఉండి కొన్ని నెలల్లో చిరుగుతుంది. బోల్టులు వదులుగా ఉంచి, బండిని చక్రాల మీద నిలబెట్టి, కాస్త ఊపి, ఆ తర్వాతే చివరి బిగింపు ఇవ్వాలి. యు-బోల్టులు ఒకసారి సాగినవి మళ్లీ వాడకూడదు. కొత్తవి వేసి, నాలుగు నట్లనీ ఎదురెదురుగా, దశలవారీగా, టార్క్ రెంచ్‌తో బిగించాలి. చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు బ్రేక్ హోస్, ఏబీఎస్ వైరు బిగుసుకోకుండా ఉన్నాయా, స్టీరింగ్ ఇటు చివరికీ అటు చివరికీ తిప్పినప్పుడు టైరు ఎక్కడైనా రాసుకుంటోందా అన్నది బండి షెడ్డులో ఉండగానే చూడాలి. కొత్త కమాన్లు మొదటి వారాల్లో కొద్దిగా సర్దుకుంటాయి. కాబట్టి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక యు-బోల్టులూ ఆర్మ్ బోల్టులూ మళ్లీ టార్క్ రెంచ్‌తో చూపించండి, అలైన్‌మెంట్ రెండోసారి చేయించండి, నాలుగు ఫెండర్ల ఎత్తూ చక్రం మధ్య నుంచి కొలిచి ఆ అలైన్‌మెంట్ కాగితం వెనకే రాసిపెట్టుకోండి. ఆరు నెలల తర్వాత ఒకవైపు పది మిల్లీమీటర్లు కుంగిందంటే ఏ స్ప్రింగు అలిసిందో ఆ కాగితమే చెబుతుంది.